మల్లమ్మ కట్టేసిన నీలం డబ్బా

శనివారం పొద్దున ప్రభుదాసు బండి గద్వాల దాటిందంటే, దారి పొడవునా జనం పనికొచ్చే డబ్బాలను కట్టేసుకుంటారు.

బండి పని పైకి చిన్నదే. గద్వాల విత్తన కంపెనీలు వద్దనుకున్న మందు పట్టించిన గింజలు, పెబ్బేరు దుకాణాల్లో గడువు తీరిన పురుగుమందులు, వనపర్తి మెకానిక్కుల పాత బ్యాటరీలు ఎత్తుకుని, నాగర్‌కర్నూల్ మీదుగా హైదరాబాదు అవతల విషాన్ని కాల్చే బట్టీకి చేర్చడం. కంపెనీలు పిలిస్తేనే ప్రభుదాసు పోతాడు. పిలవకుండా వచ్చేవి మందు డబ్బాలు. చేను గట్ల మీద, పెంటకుప్పల్లో పడి ఉన్నవి బండి చప్పుడు వినగానే లేచి, ఆవు వెంట దూడల్లా దొర్లుకుంటూ వస్తాయి. పెబ్బేరు సంతలో ఎద్దుల బేరం చేసేవాళ్లు కాళ్లు పక్కకు తీసి దారిస్తారు. దుమ్ము రేగిందని తిడతారు, అంతే.

బిజినేపల్లి దగ్గర మల్లమ్మ ఇంట్లో అట్లాంటి నీలం డబ్బా ఒకటి ఉంది. పోయిన భర్త భీమన్న పత్తికి మందు కొట్టి ఖాళీ చేసి తెచ్చింది. దాన్ని మల్లమ్మ బూడిదతో, చింతపండుతో తోమి తోమి నీళ్లకు పెట్టింది. మూత గట్టిది, చీమ కూడా దూరదు. అందుకే తను కుండ నీళ్లు తాగినా, కోడలు నవనీతకు మాత్రం ఆ డబ్బా నీళ్లే పోసేది. కోడలంటే ఆమెకు ప్రాణం. ప్రాణం పెట్టినచోటే కళ్లు మూసుకుపోతాయి మరి.

నవనీతకు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇది మూడోసారి. ఈసారైనా నిలవాలని ఇద్దరూ ఎవరి దేవుణ్ణి వాళ్లు మొక్కుకున్నారు గానీ, ఆ మాట పైకెత్తలేదు.

ఆ శనివారం బండి వాకిటి ముందుకు రాగానే డబ్బా తాడు తెంపుకోబోయింది. పందిరి గుంజ ఊగింది. అది చూసి ప్రభుదాసు బండి ఆపి దిగాడు.

"అవ్వా, ఇడిచిపెట్టరాదు. వస్తనంటుంది గదా."

"మా ఆయన తెచ్చింది. నేనెంత తోమిన్నో నీకేం తెల్సు? అలవాటుకొద్ది ఉరుకుతుంది, గంతే."

"అలవాటు గాదవ్వా. లోపల మందు మిగిలిన డబ్బానే నా ఎంట వస్తది. లేనిది కదలదు."

నవనీత చేతిలో సగం తాగిన గ్లాసు ఉంది.

"నిజమేనా అన్నా?"

"నీకు అబద్ధం జెప్తే నాకేమొస్తది చెల్లె?"

ఆమె గ్లాసు కింద పెట్టి గుంజ దగ్గరికి నడిచింది. మల్లమ్మ వేసిన ముడి ఒక పట్టాన ఊడలేదు. పళ్లతో లాగి విప్పింది. మూత ఊడిన డబ్బా నీళ్లన్నీ ఒంపుకుంటూ దొర్లుకుపోయి బండి వెనక నిలబడింది.

"నా చేతులతోనే పోసిన్నా బిడ్డా?" మల్లమ్మ కూలబడి ఏడ్చింది.

నవనీతకు కోపం వచ్చింది. రాకపోతే మనిషే కాదు. పొద్దంతా అత్తతో మాట్లాడలేదు. దీపాలు పెట్టేవేళకు వచ్చి, "అత్తా, కుండల నీళ్లు ముంచియ్యి, దూపైతుంది," అంది. మల్లమ్మ లేచి ముంచి ఇచ్చింది.

మరుసటి శనివారం మల్లమ్మ వాడంతా తిరిగి, ఇంటింటా కట్టేసిన డబ్బాల తాళ్లు విప్పింది. తిట్లు తింది, అంతకు రెట్టింపు తిట్టింది. ప్రభుదాసు మర్నాడు మళ్లీ బండి తేవాల్సి వచ్చింది.

నెలలు నిండాక నాగర్‌కర్నూల్ దవాఖానలో నవనీతకు ఆడపిల్ల పుట్టింది. తలుపు బయట నిలబడ్డ మల్లమ్మ అడిగింది.

"బిడ్డా, ఏడుస్తుందా?"

"ఏడుస్తుంది అత్తా. దవాఖానంత ఇనపడుతుంది, నీకు ఇనపడ్తలేదా?"

"ఇనపడుతుంది," అంది మల్లమ్మ. "నువ్వు జెప్తే ఇందామని."