పడవలో కదలని పెళ్లికొడుకు

లైడెన్‌లో తత్వం బోధించే వీబ్రెన్ మాస్టారికి తెలియని విషయం లేదు, వేళకు చేసిన పనీ లేదు. నేల్చెను పెళ్లాడాలని ఏడాదిగా తపిస్తున్నాడు. తీరా ఆమె తండ్రి దిర్క్ ఎదురుపడితే చాలు, ఏదో వంకతో జారుకునేవాడు. తెరచాపలు కుట్టుకునే దిర్క్‌కు విసుగొచ్చింది. ఈసారి చెప్పిన చోట కదలకుండా ఉంటేనే పిల్లనిస్తానని, లేదంటే వేరే సంబంధం చూస్తానని తేల్చేశాడు.

ఆ పొద్దున వాన పడుతుంటే నేల్చె మాస్టారిని తడవకుండా కాలువ రేవులో ఆగి ఉన్న, గుర్రం లాగే డెల్ఫ్ట్ ఊరి పడవలో కూర్చోబెట్టింది. నాన్నను తీసుకొస్తాను, ఇక్కణ్ణుంచి కదలొద్దని మరీమరీ చెప్పి వెళ్లింది.

ఇంతలో గంట మోగింది. గంట మోగాక ఆ పడవ దేవుడొచ్చినా ఆగదు. గట్టు మీది గుర్రం తాడు లాగింది, పడవ సాగింది. మాస్టారు మాత్రం నిశ్చింతగా ఉన్నాడు. మనిషి చోటంటే అతన్ని ఆనుకుని ఉన్న వస్తువులే, అవి మారితేనే అతను కదిలినట్టు అని ఆయన ఏళ్లుగా చెబుతున్న పాఠం. కుడిపక్క ఉప్పుచేపల పీపా అలాగే ఉంది. ఎడమపక్క మేజోళ్లు అల్లుతున్న లావుపాటావిడా అలాగే ఉంది. కాబట్టి కదులుతున్నది గట్టు.

తండ్రీకూతుళ్లు పరుగున వచ్చి పడవను అందుకున్నారు. గుర్రం నడకే కనుక పక్కనే నడవసాగారు.

"దిగండి మాస్టారూ," అంది నేల్చె.

"దిగితే కదిలినట్టే కదా నేల్చె! ఇచ్చిన మాట తప్పమంటావా?"

ఈ గోల భరించలేక లావుపాటావిడ లేచి అవతలి బల్ల మీదికి వెళ్లింది. కూర్చున్నవాడు కూర్చున్నట్టే కదిలిపోతున్నానని మాస్టారు హడలిపోయి, ఆవిడ కాళ్లావేళ్లా పడి మళ్లీ పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

అది చూసి నేల్చె ఆగిపోయింది. "సరే, ఇక నేనూ కదలను," అంది.

పడవ సాగిపోతోంది. నేల్చె చిన్నదైపోతోంది. పీపా ఉంది, లావుపాటావిడ ఉంది, చోటు చెక్కుచెదరలేదు. అయినా మాస్టారికి ఏడుపొచ్చింది. దబ్బున కాలువలోకి దూకేశాడు.

మెడదాకా బురదతో గట్టెక్కి, వగరుస్తూ వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"ఇంతకీ కదిలిందెవరు?" అని అడిగింది నేల్చె.

"నేనే."

దిర్క్ తన కోటు విప్పి అతని భుజాల మీద కప్పాడు. "నడు అల్లుడూ," అన్నాడు. "దారిలో మాత్రం ఏమీ చెప్పకు."