పసుపు పూసిన బ్రేకులు

నేను ఒక బ్రేకు డ్రమ్మును. మూకుడంత ఉంటాను, పోత ఇనుముతో చేసినదాన్ని. అనకాపల్లిలోని ఈ పాత ఇనుము దుకాణంలో నన్ను పడేసి మూడు రోజులైంది. వచ్చినవాళ్ళు నన్ను చూసి "పాపం, అరిగిపోయినట్టుంది" అంటుంటే ఒళ్ళు మండిపోతోంది. నేను అరగలేదు. నా మీద అబద్ధం ఆడారు.

నలభై ఎనిమిదేళ్ళ కిందట నన్ను ఒక అంబాసిడర్ కారు వెనక ఎడమ చక్రానికి బిగించారు. చక్రంతో పాటు తిరగడం నా పని. నా లోపల నెలవంకల్లాంటి రెండు బ్రేకు షూలు ఉంటాయి. పెడలు తొక్కితే అవి విచ్చుకుని నన్ను పట్టుకుంటాయి, కారు ఆగుతుంది. మొదటి యజమాని బెల్లం వ్యాపారి. డిక్కీ నిండా బెల్లం దిమ్మలు కుక్కి, పైగా ఎనిమిది మందిని ఎక్కించేవాడు. రెండో యజమాని ఒక డాక్టరుగారు. హారన్ మీద ఉన్న నమ్మకం ఆయనకు బ్రేకు మీద ఉండేది కాదు. ఇద్దరినీ ఏ రోజూ నేను దారిలో వదిలేయలేదు. ఇద్దరూ నన్ను ఏ రోజూ తలుచుకోలేదు.

మూడో యజమాని కర్రి సింహాద్రిరావు, బ్యాంకులో క్యాషియరు. ఫోనులో వీడియోలు చూసి, నాలుగు చక్రాల బ్రేకు షూలూ ఇంటి దగ్గర తనే మారుస్తానని కూర్చున్నాడు. ఉన్నమాట చెప్పాలి, పని శ్రద్ధగానే చేశాడు. జాకీని నమ్ముకోకుండా కారు కింద దుంగలు పెట్టాడు. ఏ స్ప్రింగు ఎక్కడుందో విప్పకముందే ఫోటో తీసుకున్నాడు. నాలో పేరుకున్న దుమ్మును తడిగుడ్డతో తుడిచాడు. కానీ ఆ రోజు మహర్నవమి. అదే కొంప ముంచింది.

ఆయుధపూజ నాడు కొత్త సామానుకు పసుపు పెట్టకుండా బిగిస్తాడా! ఇత్తడి పళ్ళెంలో షూలు పేర్చాడు. నీళ్ళతో కలిపితే పసుపు ఎండి రాలిపోతుందని నువ్వుల నూనెతో కలిపాడు. బానెట్టుకు పెట్టినా, టైర్లకు పెట్టినా దేవుడు కాదన్నాడా? షూకి ఒక గరుకు ముఖం ఉంటుంది, నన్ను పట్టుకునేది అదే. సరిగ్గా దాని మీదే, గడపకు పూసినట్టు, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పూశాడు.

భార్య నూకరత్నం వాకిట్లోకి వచ్చి చూసింది. "బ్రేకులకి నూనె రాత్తన్నారేటండీ? జారిపోవా?"

"నీకేటి తెలుసు? అమ్మవారి పసుపది. ఊరుకో."

ఆమెకు తెలిసినంత కూడా అతనికి తెలియలేదు. నాకు నోరుంటే ఆ వీధి వీధంతా లేచేలా అరిచి ఉండేదాన్ని.

మర్నాడు విజయదశమి. భార్యనూ అత్తగారినీ ఎక్కించుకుని సింహాచలం కొండకు బయలుదేరాడు. వెళ్ళేటప్పుడు బ్రేకుతో పెద్దగా పని పడలేదు, పట్టు తగ్గిన సంగతి అతను గమనించలేదు. దిగుతూ రెండో మలుపులో పెడలు తొక్కాడు. షూలు నన్ను తాకి జారిపోయాయి. మళ్ళీ తొక్కాడు, మళ్ళీ జారాయి. ఒక పక్క లోయ, వెనక సీట్లో ఇద్దరు ఆడవాళ్ళు. ఆపాలని నా ప్రాణం కొట్టుకుంటోంది, పట్టు దొరకడం లేదు. రాపిడికి నూనె కాగి పొగ లేచింది.

"తాలింపు వాసనొత్తందండీ!" అని నూకరత్నం కేక పెట్టింది.

అతను గేరు తగ్గించి, స్టీరింగు తిప్పి, కారును కొండవైపు గోడకు రాసేశాడు. ఒక పక్క రేకంతా చీరుకుపోయి కారు ఆగింది. ముగ్గురూ బతికారు.

"ఏటైపోనాది బాబూ?" అని అత్తగారు అడిగింది.

అతనికి తెలుసు. ఆ వాసన అతని ముక్కుకూ తగిలింది. భార్య ముఖం చూడకుండా, "డ్రమ్ములు అరిగిపోనాయత్తా. పాత సరుకు గదా" అన్నాడు.

ఆ మాట వీధంతా తిరిగి బ్యాంకు దాకా వెళ్ళింది. ఇక దాన్ని నిలబెట్టుకోవాలి కదా! కొత్త షూలతో పాటు కొత్త డ్రమ్ములూ తెచ్చి బిగించాడు. మమ్మల్ని నాలుగింటినీ కారులో వేసుకుని ఇక్కడికి వచ్చాడు. నూకరత్నం కూడా వచ్చింది.

దుకాణం నడిపే మస్తాన్ సాయిబు నన్ను ఎత్తి సుత్తితో కొట్టాడు. పగిలిన పోత ఇనుము బొంగురుగా పలుకుతుంది. నేను ఖంగుమన్నాను.

"ఇదేటి బాబూ, పగుల్లేదు, అరుగూ లేదు. ఎందుకు తెచ్చేసినారు?"

నూకరత్నం భర్త వైపు చూసింది. ఇక్కడ అత్తగారు లేరు, వీధివాళ్ళు లేరు. నిజం చెప్పడానికి ఇంతకంటే సులువైన చోటు దొరకదు. నేనూ ఎదురుచూశాను.

"పాతది గదా" అన్నాడు.

బయటికి వెళ్ళి కారు తలుపు తీసి పట్టుకున్నాడు. ఆమె కదల్లేదు.

"ఎక్కవేటే? అన్నీ కొత్త బ్రేకులు."

"బ్రేకులకేటండీ, బాగానే ఉంటాయి" అని, రోడ్డు మీద పోతున్న ఆటోకు నూకరత్నం చెయ్యెత్తింది.