కొబ్బరినూనె పోసిన మీటరు

ఆ కూత మొదటిసారి వినబడింది ఒక గురువారం పొద్దున, పత్తిచేల మధ్య రోడ్డు మీద. బండి నలభై మైళ్ళు దాటగానే ముందువైపు ఎక్కడో కీచుమంది. ముప్పై అయిదుకి దించితే ఊరుకుంది. మళ్ళీ నలభై అందుకోగానే మళ్ళీ అదే కూత. కాళ్ళు కట్టేసిన పంది అరిచినట్టుంది. పక్కచేలో పత్తి తీసే మిషన్ నడుపుతున్నవాడు కూడా తల తిప్పి చూశాడు.

ఇంకొకడికయితే అది ఉత్త చప్పుడు. నాకు మాత్రం ఉద్యోగం కూలబోతున్న చప్పుడులా ఉంది. ఎందుకో చెప్తాను.

అది ఎనభై నాలుగు డిసెంబరు. అమెరికాలో, అరిజోనా రాష్ట్రం చాండ్లర్‌లో, చిప్పులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో టెక్నీషియన్‌గా చేరి డెబ్భై తొమ్మిది రోజులయింది. తొంభై నిండితే ఉద్యోగం పర్మనెంటు. ఈలోపు మూడుసార్లు లేటుగా వెళ్తే, కారణం ఏదైనా సరే, కార్డు లాక్కుని ఇంటికి పంపేస్తారు. నాకప్పటికే రెండు పడి ఉన్నాయి. ఇంకా పదకొండు రోజులు గట్టెక్కాలి.

ఆ రెండు లేట్లూ మా బావగారి చలవ. దామోదర్ అని, మా ఆవిడ నళినికి అన్నగారు. ఇంజనీరు. ఆయన ఆఫీసు మా ఫ్యాక్టరీ దారిలోనే కాబట్టి మొదట్లో ఆయన కారులోనే వెళ్ళేవాణ్ణి. మనిషి మంచివాడేగాని వర్జ్యం పట్టింపు జాస్తి. బెజవాడ నుంచి పంచాంగం తెప్పించుకుని, అందులో ఉన్న టైములోంచి పన్నెండున్నర గంటలు తీసేసి, అరిజోనా వర్జ్యం లెక్కకట్టి ఫ్రిజ్‌కి అంటించుకునేవారు. వర్జ్యం ఉన్న పొద్దున అది దాటేదాకా కారు తాళం ముట్టుకోరు. ఆయన తొమ్మిదింటికి వెళ్ళినా అడిగేవాడు లేడు. నేను ఏడింటికల్లా ఫ్యాక్టరీ గడియారంలో కార్డు గుద్దాలి. రెండోసారి లేటయిన రోజు సాయంత్రమే వెళ్ళి, ఒక కాలేజీ విద్యార్థి దగ్గర పన్నెండేళ్ళ పాత జపాన్ మోటార్‌సైకిల్ కొనుక్కొచ్చాను. నళిని మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు తనే వెళ్ళి హెల్మెట్ కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టింది.

అదిగో, ఆ బండి కూత పెట్టింది.

నాది ఆయిల్ ఇంజన్ల దగ్గర పెరిగిన చెవి. మా పొదిలి వైపు బావుల మీద ఇంజను గొంతు మారిందంటే బేరింగు పోతోందని అర్థం. పట్టించుకోకపోతే ఆ పూటే పట్టేస్తుంది, ఇక గొలుసేసి లాగినా కదలదు. అందుకని నా అనుమానం తిన్నగా ఇంజను మీదకే పోయింది. శుక్రవారం ఫ్యాక్టరీకి పోయినంతసేపూ నా ప్రాణం నా దగ్గర లేదు. ఎక్కడ పట్టేస్తుందో, ఏ చేను గట్టున దిగి నిలబడాలో అని ప్రతి మైలురాయినీ లెక్కపెట్టుకుంటూ పోయాను. ఆ దారిలో బస్సు లేదు, నడిచేవాడూ లేడు.

వచ్చేటప్పుడు, గట్టిగా లాగిస్తే సర్దుకుంటుందేమోనన్న ఆశతో అరవై దాకా లాగించాను. సర్దుకోలేదు సరికదా పోలీసు కారు వెనకపడింది. ఆయన కాగితం రాయలేదు. ఈ రోడ్డు మీద నలభై అయిదు దాటకూడదనీ, ఇంకోసారి దొరికితే ఊరుకోననీ చెప్పాడు. వెళ్తూ వెళ్తూ, ఆ అరుపేంటో ఎవరికైనా చూపించుకోమన్నాడు.

శనివారం ఆయిల్ మార్చాను. చెయిన్ బిగించాను. స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని అరగంట విన్నాను. ఇంజను నిక్షేపంలా కొట్టుకుంటోంది. రోడ్డెక్కితే మళ్ళీ అదే కూత. సాయంత్రం దామోదర్ బావ వచ్చేసరికి మోచేతుల దాకా మడ్డితో మెట్ల కింద కూచుని ఉన్నాను.

"ఏం బావగారూ, దీన్ని ఇంకా వదిలించుకోలేదా? మీరు రెండు వీధుల అవతల ఉండగానే మా పాప చెవులు మూసుకుంటోంది."

"మీ వర్జ్యం కన్నా నయంలెండి. ఇది కూసినా కదులుతుంది."

ఆయన నొచ్చుకోలేదు. సోమవారం పొద్దున వర్జ్యం లేదు, తన కారులో రమ్మన్నారు. మంగళవారమో అని అడిగాను. మంగళవారం ఆరున్నర నుంచి ఎనిమిది దాకా ఉందట.

ఆయన వెళ్ళాక నళిని గుమ్మంలోనే నిలబడి బండి వైపు చూసింది. అది దార్లో విరిగి పడితే ఉద్యోగం మాట తర్వాత, మనిషి మాటేమిటంది. ఆదివారం లోపు చప్పుడు ఆపలేకపోతే అమ్మేయాలంది. సరేనన్నాను. అన్నానేగాని, అమ్మేస్తే ఆ మంగళవారం ఫ్యాక్టరీకి ఎలా పోతానో తనకీ తెలీదు, నాకూ తెలీదు.

మా కింది వాటాలో లెనార్డ్ అని డెబ్భై ఏళ్ళ పెద్దాయన ఉండేవాడు. జీవితమంతా ట్రాక్టర్లు బాగుచేసి రిటైరైనవాడు. మూడు రోజులుగా నా తిప్పలు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడట. ఆదివారం పొద్దున చర్చికి పోయే బట్టల్లోనే కాఫీ కప్పుతో బయటికొచ్చాడు. బండికి స్టాండు వేయించి, ఇంజను కింద దుంగ పెట్టించి, ముందు చక్రం నేలకి తగలకుండా లేపించాడు. కప్పు నా చేతికిచ్చి, చక్రాన్ని రెండు చేతులా మార్చి మార్చి, చువ్వలు కనబడనంత జోరుగా తిప్పాడు.

కీచుమంది.

"ఇంజను నడవడం లేదుగా," అన్నాడు, "మరి అరుస్తున్నదెవరు?"

మూడు రోజులు నేను ఇంజనునే పట్టుకుని వేళ్ళాడితే, కూత పెడుతున్నది స్పీడు చూపించే మీటరు. చక్రం దగ్గర నుంచి మీటరు దాకా నల్లటి గొట్టం, దాని లోపల సన్నటి ఉక్కుతీగ. చక్రంతో పాటు తీగ తిరుగుతుంది, తీగ మీటరుని తిప్పుతుంది. పన్నెండేళ్ళలో దానికి చుక్క నూనె చూపించిన పుణ్యాత్ముడు లేడు. లెనార్డ్ చెప్పింది ఇంతే: సోమవారం పార్టుల షాపు తీశాక కేబుల్ గ్రీజు కొనుక్కో, తీగని బయటికి లాగి పల్చగా పట్టించు, పై జానెడు మాత్రం పొడిగా వదిలెయ్, మీటరులోకి ఏదీ ఎక్కనివ్వకు. చెప్పి, కప్పు తీసుకుని చర్చికి వెళ్ళిపోయాడు.

షాపు తీసేది తొమ్మిదింటికి. నేను కార్డు గుద్దాల్సింది ఏడింటికి. జబ్బేదో తెలిసిపోయాక మందు కోసం ఇంకో రోజు ఆగడానికి నా చేతులు ఒప్పుకోలేదు. ఆ మాటంటే నళినే దారి చూపించింది. వాళ్ళ ఊళ్ళో బట్టలు కుట్టే రత్నం కుట్టుమిషనుకి ఎప్పుడూ కొబ్బరినూనే వేసేదట. ఆ మిషను ఇరవయ్యేళ్ళు కిమ్మనకుండా నడిచిందట.

ఇంట్లో సీసా నిండుగానే ఉంది. నాకు తలకి నూనె మానిపించారు ఫ్యాక్టరీవాళ్ళు. చిప్పులు చేసే గదిలోకి జుట్టు నూనె, పౌడరు, సెంటు ఏవీ రాకూడదు. వేలి మీది జిడ్డు ఒక్క మచ్చ పడ్డా సరుకంతా పారబోయాలని చేరిన రోజే చెప్పారు.

మధ్యాహ్నం ఎండ బాగా కాసింది. నూనె నీళ్ళలా పల్చగా ఉంది. తీగ లాగి, తుడిచి, నూనె పట్టించాను. పై జానెడు పొడిగా వదలమన్న మాట గుర్తుంది. కాని మన ఇళ్ళల్లో పెట్టేది లెక్కగా పెట్టడం అలవాటు లేదు. నెయ్యి వడ్డించేటప్పుడు వద్దు వద్దంటున్నా ఇంకో గరిటె పడాల్సిందే. పన్నెండేళ్ళు ఎండిపోయిన మీటరు, అరిచి అరిచి ఉంది, దానికి పొడి జానెడు మిగల్చడమేమిటనిపించింది. రెండు నట్లు విప్పి, మీటరుని ఊడదీసి, బోర్లించి, అడుగున తీగ దూరే రంధ్రంలో చెంచాడు నూనె పోశాను. నళిని ఇంకో అర చెంచా పోయమంది. పోశాను.

బిగించి రోడ్డెక్కాను. నలభై. చప్పుడు లేదు. నలభై అయిదు. లేదు. వెనక్కొచ్చి నళినిని ఎక్కమన్నాను. అంతకుముందు ఒక్కసారీ ఎక్కని మనిషి, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, నా భుజం పట్టుకుని కూచుంది. నారింజ తోటల దాకా వెళ్ళొచ్చాం. తను ఏవేవో కబుర్లు చెప్తూనే ఉంది. నేను ఊఁ కొడుతున్నానేగాని చెవి మాత్రం హ్యాండిల్ దగ్గరే ఉంది, ఇప్పుడు కూస్తుందా, ఇప్పుడు కూస్తుందా అని.

సోమవారం ఆరుంపావుకి తలుపు తీస్తే చలి మొహాన కొట్టింది. కార్ల అద్దాల మీద మంచు పేరుకుంది. దామోదర్ బావకి రానని ముందు రోజే ఫోన్ చేసి చెప్పేశాను. ఫ్యాక్టరీ పన్నెండు మైళ్ళు, ఇరవై నిమిషాల దారి. చాలినంత టైముంది.

ఊరు దాటి మూడో గేరు వేశానో లేదో, ముల్లు ఒక్క దూకు దూకి అరవై మీద కూచుంది. శుక్రవారం పోలీసు ఆపిన చోటు అదే. గబుక్కున తగ్గించాను. ముల్లు బరువుగా యాభై అయిదుకి దిగింది. ఇంకా తగ్గించాను. యాభై. ఇంకా తగ్గిస్తే బండి కుదుపులు పెట్టడం మొదలెట్టింది, రెండో గేరుకి దిగాను. చప్పుడు లేదు, ఏమీ లేదు. చలికి చెయ్యి మొద్దుబారి, హెల్మెట్‌లో కళ్ళు నీళ్ళు కారి, నాకు స్పీడు తెలియడం మానేసింది. తెలిసేదల్లా ఆ ముల్లు. దాన్నే నమ్ముకుని పోతున్నాను. వెనక కార్లు హారన్ కొట్టి కొట్టి నన్ను దాటిపోతున్నాయి. ఇంత స్పీడులో పోతున్నవాణ్ణి కూడా దాటిపోతున్నారంటే వీళ్ళకి పోలీసు భయం లేదా అనుకున్నాను.

కాసేపటికి వెనక నుంచి డబడబమని శబ్దం వచ్చింది. పత్తి నింపిన పెద్ద తొట్టిని లాగుతూ ఒక ట్రాక్టరు మెల్లిగా నా పక్కకొచ్చి, ఇంకా మెల్లిగా నన్ను దాటింది. నడిపేవాడు స్టీరింగ్ మీద నుంచి రెండు వేళ్ళెత్తి పలకరించాడు.

నా మీటరులో యాభై.

పత్తి తొట్టితో ట్రాక్టరు యాభై మైళ్ళు పోదని, సేద్యం చేసే ఇంట్లో పుట్టినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. రోడ్డు పక్కకి దిగి గడియారం చూశాను. ఆరూ నలభై అయిదు. సగం దారి కూడా సరిగా దాటలేదు. అప్పుడు వెలిగింది నాకు. బీఎస్సీలో ఫిజిక్సు చదివినవాణ్ణి. మీటరులో తిరిగేది ఒక అయస్కాంతం, దాని చుట్టూ తగలకుండా ఒక చిన్న గిన్నె, ఆ గిన్నెకే ముల్లు. వాటి మధ్య ఉండాల్సింది గాలి. నేను కొబ్బరినూనె పోసి పెట్టాను. చలికి అది మైనంలా గడ్డకట్టి, అయస్కాంతం గిన్నెని చెయ్యి పట్టుకుని ఈడ్చుకుపోతోంది. చలికాలం పొద్దున్నే కొబ్బరినూనె సీసాని పొయ్యి పక్కన పెట్టుకునే ఇళ్ళల్లో పెరిగి, ఇద్దరికి ఇద్దరమూ ఆ మాట మర్చిపోయాం.

మీటరు బాగుచేసే టైము కాదది. ఆ తీగ తెగి చక్రంలో చిక్కుకుంటుందేమోనన్న భయం మాత్రం పట్టుకుంది. చక్రం దగ్గర నట్టు విప్పి తీగని ఊడదీశాను. లోపలి నూనె తెల్లటి ముద్దలుగా చేతులకంతా అంటుకుంది. ప్యాంటుకి తుడుచుకుని బండెక్కాను. ముల్లు సున్నాకి పోలేదు, ముప్పై మీద వాలి నిలబడింది. దాని వైపు చూడటం మానేశాను. ముందు పోతున్న రొట్టెల వ్యాను వెనకే, దాని స్పీడే నా స్పీడనుకుని, పళ్ళు కరుచుకుని పోయాను. అది మలుపు తిరిగిపోయాక ఇక దేవుడి మీద భారం వేశాను.

కార్డు గుద్దేసరికి ఆరూ యాభై ఏడు.

గోడకి ఆనుకుని నిలబడి ఊపిరి తీసుకున్నాను. తర్వాత బట్టలు మార్చుకునే గదిలోకి పోయి, తెల్ల గౌను తొడుక్కుని, టోపీ పెట్టుకుని, కుడిచేతికి గ్లవ్ వేసుకున్నాను. ఎడమచేతిది వేసుకోబోతుంటే ముక్కుకి తగిలింది. నూనె పెట్టి దువ్వుకున్న జడ వాసన.

రెండో గ్లవ్ కూడా వేసేస్తే ఎవరికీ తెలీదు. చెప్తే, టైముకి వచ్చి కూడా నూనె చేతులతో వచ్చావని ఇంటికి పంపొచ్చు. చెప్పకపోతే, లోపల పళ్ళేల్లో పదిమంది వారం రోజుల పని ఉంది. గ్లవ్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. నా వెనకవాళ్ళు ఒక్కొక్కరే తలుపు తోసుకుని లోపలికి పోతున్నారు.

కుడిచేతి గ్లవ్ తీసేసి, మా సూపర్‌వైజర్ డోరతీ దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ చాపాను.

"కొబ్బరినూనె," అన్నాను. "తలకి కాదు. మోటార్‌సైకిల్‌కి."

ఆవిడ చేతులు చూసింది, ప్యాంటు చూసింది, మొహం చూసింది.

"మోటార్‌సైకిల్‌కి కొబ్బరినూనె ఎవరు పోశారు?"

"నేనే."

"ఎందుకు?"

"అరుస్తోంటే."

ఆవిడ నవ్వలేదు. లోపలికి వెళ్ళావా అని అడిగింది. లేదన్నాను. ఏమేం ముట్టుకున్నావంటే గౌను, టోపీ, రెండు గ్లవ్‌లు అని చెప్పాను. గౌను, టోపీ అక్కడే విప్పించి, గ్లవ్‌లతో సహా బుట్టలో వేయించింది. ప్యాంటు మార్చుకోమని ఫ్యాక్టరీ బట్టల జత తెప్పించింది. నాకు మాత్రం ఒక్కటే కావాలి.

"ఇది మూడో లేటు కిందికి వస్తుందా?"

"కార్డులో ఆరూ యాభై ఏడు ఉంది. లేటు చెప్పేది కార్డు," అంది. "చేతుల సంగతి చెప్పేది నేను. సబ్బు అక్కడుంది."

కడిగాను. వాసన చూసి తల అడ్డంగా ఊపింది. గోళ్ళ సందుల్లో బ్రష్షు పెట్టి తోమి మళ్ళీ కడిగాను. మళ్ళీ తల అడ్డంగా ఊపింది. మూడోసారి వేడినీళ్ళతో చర్మం ఎర్రబడేదాకా రుద్దాను. గడియారం ఏడుంపావు దాటింది. ఇంకా ఏడు రోజులున్నాయి, ఇప్పుడు ఇంటికి పొమ్మంటే ఏ మొహంతో పోను అనుకుంటూ, తడి చేతులు ఆవిడ ముందుకి చాపాను.

వంగి, ఒక్కో చెయ్యీ తిప్పి తిప్పి, వేళ్ళ సందులు కూడా వదలకుండా వాసన చూసింది. నేను ఆవిడ ముక్కు వంకే చూస్తున్నాను. తల ఎత్తి, కొత్త గ్లవ్స్ పెట్టె నా ముందుకి తోసింది.