అవతలి గట్టు కాపలా

మూడు రోజులుగా ఒకటే వాన. మేజరు గోడమీది మ్యాపులో, వంతెన అవతలి కొసన గుచ్చిన ఎర్ర పిన్నువైపే చూస్తున్నాడు. ఆ పిన్నంటే పదకొండు మంది. వాళ్లకు పెద్ద, అందరూ తాతా అని పిలిచే హవల్దారు.

మధ్యాహ్నానికి ఏరు వంతెనను ముంచేస్తుందని కబురొచ్చింది. వెనక్కి రమ్మందామంటే పొద్దుటినుంచీ వాళ్ల వైర్‌లెస్ మూగబోయింది.

"మళ్లీ పిలువు."

"పిలిచి పిలిచి నా గొంతే పోయింది సార్," అన్నాడు ఆపరేటరు.

"తాతకు కళ్లున్నాయిగా! నీళ్లు చూసి ఆయనే వచ్చేస్తాడు."

"రాడు సార్. పోయిన నెల కాపలాను మట్టిదిబ్బ మీదికి మార్చాడని అందరి ముందూ కడిగేశారుగా. నా మాట లేనిదే అడుగు కదిపితే బెల్టు ఊడదీస్తానన్నారు. ఆ పూట తాత అన్నం ముట్టలేదు."

మేజరు మళ్లీ ఆ ఎర్ర పిన్నువైపు చూశాడు. ఆనాటి నుంచి కాపలాలన్నీ తన చేతివేళ్లలా కదులుతున్నాయని మురిసిపోయాడు. ఇప్పుడు ఆ వేళ్లలో ఒకటి అందడం లేదు. ఆ మాట చెప్పుకోడానికి గదిలో తనకు సమానులెవరూ లేరు.

కాసేపటికి తడిసి ముద్దయిన జవాన్లు వచ్చారు. లెక్కపెట్టాడు. పది మంది.

"తాతేడీ?"

"మమ్మల్ని తోలేశాడు సార్. మీ ప్రాణాలు నా పూచీ, కాపలా మాత్రం సారుది, ఆయన చెప్తేగానీ వదలనన్నాడు. నా బెల్టు ఎలాగూ వదులే, ఊడదీయడానికి సారుకు పెద్ద కష్టముండదులే అని నవ్వాడు కూడా."

మేజరు వానకోటు అందుకున్నాడు.

"మిగతా కాపలాలకేం చెప్పమంటారు సార్?" అన్నాడు ఆపరేటరు.

"కళ్లెదుట ఉన్నదాన్నిబట్టి చేసుకోమను. నన్నడగొద్దను."

ఒక్కడే బురదలో పడుతూ లేస్తూ వెళ్లేసరికి వంతెన లేదు. అవతలి గట్టున మోకాటిలోతు నీళ్లలో తాత నిలబడి ఉన్నాడు. మేజరు అరిచాడు. ఏటి హోరు ఆ అరుపును మింగేసింది. ఎక్కమన్నట్టు, తాత వెనకే ఉన్న మట్టిదిబ్బను మేజరు చేత్తో చూపించాడు. తాత సెల్యూట్ కొట్టి, కదలకుండా నిలబడ్డాడు. ఆ దిబ్బ ఎక్కినందుకేగా తిట్లు తిన్నది!

మేజరు తన నడుముకున్న బెల్టు ఊడదీసి, తాత చూస్తుండగా ఏట్లోకి విసిరేశాడు.

తాత చాలాసేపు ఇటే చూశాడు. తర్వాత తుపాకి భుజానికెత్తుకుని మెల్లగా దిబ్బ ఎక్కసాగాడు. వాన అతణ్ణి కప్పేసింది.

దిబ్బ దాటాక ఎటు వెళ్తాడో మేజరుకు తెలియదు. అది ఇక తాతే తేల్చుకోవాలి. వదులైన ప్యాంటును ఒక చేత్తో పట్టుకుని, చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.