రెండో గొంతు

పిడుగుకి నలభై నాలుగేళ్ళు. ఈ వయసులో ఇంకా ఆ పేరేమిటని ఎవరైనా అడిగితే వాళ్ళ అక్క ఒకటే చెబుతుంది: పిడుగుకి వయసేమిటి, పడటమే గానీ. వారంలో ఆరు రోజులు ఆమె డ్రైవింగ్ స్కూల్లో జనానికి కారు నేర్పుతుంది. క్లచ్చు ఏదో బ్రేకు ఏదో తెలియనివాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని గంటలకొద్దీ ఓర్చుకునే మనిషి, పాట దగ్గరికొచ్చేసరికి నిమిషం ఆగలేదు. ఏడోరోజున గిటారు భుజానికి తగిలించుకుని అక్క ఇంటికి వెళుతుంది. ఆ ఇంటి వెనక గదిలో ఆమె ఆల్బమ్ తయారవుతోంది.

మొదటి ఆల్బమ్. పది రాక్ పాటలు. రాసింది తనే, బాణీ కట్టింది తనే. గిటార్లు, బేసు, డ్రమ్ములు, గొంతు అన్నీ తనవే. ఒకటి రికార్డు చేసి, దానిమీద ఇంకొకటి, ఇల్లు కట్టినట్టు వరసలు పేర్చుకుంటూ వస్తోంది. అట్టమీద ఒక్క పేరే ఉండాలని ఆమె పంతం. ఆ పంతానికి ఇరవై రెండేళ్ళు నిండాయి.

రికార్డు చేసేది బావ. మామూలు రోజుల్లో ఆయన వినికిడి యంత్రాల దుకాణంలో పెద్దవాళ్ళ చెవులు పరీక్ష చేస్తాడు, సెలవురోజున తన చెవులు మరదలికి అప్పగిస్తాడు. వెనక గది గోడలకి పాత బొంతలు, తలుపుకి పరుపు. మైకు దగ్గర బట్టల బీరువా తలుపులు బార్లా తెరిచి ఉంచుతాడు, లోపలున్న కోట్లూ దుప్పట్లూ అక్కర్లేని చప్పుడు మింగేస్తాయని. ఫ్రిజ్ ఆపితే గానీ రికార్డింగ్ మొదలవదు. ఆపినవాళ్ళు మళ్ళీ వేయడం మరిచిపోతారు. మూడు నెలల్లో నాలుగుసార్లు పాలు విరిగాయి. ఆల్బమ్ వల్ల ఆ ఇంటికి ఇప్పటిదాకా ఒరిగింది అదొక్కటే.

అక్క మాత్రం ఆ గదిలో అడుగు పెట్టదు. యూనిఫారాలు కుట్టే కంపెనీలో ఆమె కటింగ్ మాస్టరు. ఇంటికి కూడా పని తెచ్చుకుని, ముందుగదిలో బల్లమీద గుడ్డ పరిచి సుద్దతో గీతలు గీసుకుంటూ ఉంటుంది. చెల్లెలు వస్తే తిన్నావా అంటుంది. వెళ్ళేటప్పుడు వాన పడేట్టుంది, తొందరగా వెళ్ళు అంటుంది. ఆ రెంటికీ మధ్య పాట గురించి ఒక్క ముక్క ఉండదు.

ఒకప్పుడు వాళ్ళిద్దరిదీ ఒకే బ్యాండు. కొత్తగా ఉద్యోగాల్లో చేరినప్పుడు మేడమీద ఒక గది అద్దెకి తీసుకున్నారు. ఒక కిటికీ, ఒక ఫ్యాను, ఒక మంచం. రోజూ పడుకోబోయే ముందు పాటల పందెం. ముందు ఎవరు మాట మరిచిపోతే వాళ్ళకి నేల. ఇంటావిడ కిందనుంచి కర్రతో పైకప్పుని పొడిస్తే, పాపం తాళం బాగానే వేస్తోంది అని నవ్వుకునేవాళ్ళు. ఆ నవ్వులు ఇప్పుడు తలుచుకుంటే పిడుగుకి కడుపులో చల్లగానూ ఉంటుంది, నొప్పిగానూ ఉంటుంది. డ్రమ్మరునొకణ్ణి కలుపుకుని కాలేజీల్లో పాడారు, క్లబ్బుల్లో పాడారు, ఒకసారి ఖాళీ గోదాములో నూటయాభైమంది ముందు పాడారు. అప్పట్లో వాళ్ళ సౌండు చూసేవాడే బావ. వైర్లు చుట్టడానికొచ్చి అక్క చుట్టూ తిరగడం మొదలుపెట్టాడని పిడుగు ఇప్పటికీ ఏడిపిస్తుంది.

స్టేజీ మీద ఇద్దరికీ ఒకే మైకు. గిటారుతో పిడుగు ముందు. అక్కది పెద్ద గొంతు కాబట్టి రెండడుగులు వెనక. అలా చూసినవాళ్ళందరికీ పాడేది పిడుగు, వంత పాడేది అక్క. ఒక నిర్వాహకుడు పిడుగుని పక్కకి పిలిచి, నువ్వొక్కదానివే రా, వెనక గొంతుకేముంది, ఎవరో ఒకర్ని పెట్టుకుందాం అన్నాడు. ఆ మాట అక్క చెవిన పడింది. వంత పాడేదాన్నేగా, నేను లేకపోతే పాట ఆగుతుందా అంది. ఆగుతుందక్కా అంటే సరిపోయేది. పిడుగు అనలేదు. పైగా నిర్వాహకుడి మాటకి లోలోపల కాస్త పొంగింది కూడా. అక్క పాట మానేసింది. ఆ తర్వాత పెళ్ళి, పని, ఆరేళ్ళ కిందట మెడలో గడ్డ తీసిన ఆపరేషను. ఆ నిర్వాహకుడు ఆర్నెల్లు తిరక్కుండానే ఇంకో గాయనిని చూసుకున్నాడు. ఉన్నదీ పోయింది, ఉంచుకున్నదీ పోయింది.

ఆల్బమ్‌లో తొమ్మిది పాటలు చకచకా వచ్చాయి. ఆగింది పదోది, 'మేడమీది గది'. ఒక సాయంత్రం ఇద్దరూ గదికి తాళం వేసుకుని బయటికి వెళ్ళి, తిరిగొచ్చాక చూసుకుంటే ఎవరి దగ్గరా తాళంచెవి లేదు. తాళాలవాడు వచ్చేదాకా మెట్లమీద కూర్చుని కట్టిన పాట అది. 'నీ దగ్గరుందని నేను, నా దగ్గరుందని నువ్వు' అని మొదలవుతుంది. బ్యాండు విడిపోయాక పిడుగు దాన్ని ఎక్కడా పాడలేదు. సొంత ఆల్బమ్ అంటూ వస్తే దానికి ఆ పేరే పెట్టాలని దాచుకుంది. ఆ పాట లేకపోతే మిగతా తొమ్మిదీ ఆమె లెక్కలో ఆల్బమే కాదు.

గిటారు బాగా వచ్చింది, డ్రమ్ములు బాగా వచ్చాయి. నోరు తెరిచి పాడితే మాత్రం పాట చప్పగా, ఒకేచోట నిలబడిపోయినట్టుంది. నాలుగు ఆదివారాలు అదే తంతు. మైకు మార్చమంది. బీరువా మూసెయ్యమంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు చివరికి గోడకున్న బొంతల మీద పడింది. అక్క భాగం కూడా తనే పాడి కలుపుదామని చూస్తే అది ఎక్కడ అందుకోవాలో చిక్కలేదు. జ్ఞాపకంలో రెండు గొంతులూ ఒకటిగా అతుక్కుపోయి ఉన్నాయి. ఆ ఒక్కటీ తనదేననుకుని ఆమె ఇన్నేళ్ళూ తిరిగింది.

ఐదో ఆదివారం బావ అటకమీంచి పాత టేపు దించాడు. ఆ పాటని గొంతుకొక మైకు పెట్టి, ఎవరి గొంతు వాళ్ళకి విడిగా రికార్డు చేసిన టేపు అదొక్కటే. రెండూ కలిపి హెడ్‌ఫోన్లలో వినిపించాడు. పిడుగు కళ్ళు మూసుకుని, ఇదే, ఇదే నాకు కావలసింది అంది. ఆయన ఈసారి పిడుగు గొంతొక్కటే వినిపించాడు. ఈ నాలుగు వారాలుగా పాడుతున్నదే, రెండు మూడు స్వరాల మీద అటూ ఇటూ తచ్చాడుతున్నదే. దాన్ని ఆపి అక్క గొంతు పెట్టాడు. పాట మొత్తం వచ్చేసింది. మెట్లు, కిటికీ, ఫ్యాను, సాయంత్రం, అన్నీ అందులోనే ఉన్నాయి.

"ఇదేంటి బావా, పాట అక్క పాడుతోందేంటి?"

"అక్కే పాడేది. నీది రెండో గొంతు."

"నీకు ముందే తెలుసా?"

"రికార్డు చేసినవాణ్ణి, తెలియకపోవడమేంటి? మీ ఇద్దరికీ తెలుసనుకున్నా."

జరిగిందేమిటో మెల్లగా అర్థమైంది. పాట కట్టినప్పుడు బాణీ పిడుగుదే. గిటారు వాయిస్తూ ఎక్కుడూ దిగుడూ పాడటం కష్టమై, వారం వారం ఆమె కాస్త కాస్త వదిలేస్తూ వచ్చింది. ఆమె వదిలినదాన్ని వెనకనుంచి అక్క ఎత్తుకుంటూ వచ్చింది. చివరికి పాటంతా వెనక్కి చేరిపోయినా, ముందు నిలబడ్డ మనిషి ముందే నిలబడి ఉంది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మైకుల్లోనూ బొంతల్లోనూ వెతికిన పాట ముందుగదిలో సుద్దగీతలు గీసుకుంటోంది.

బావకి గొడవలంటే భయం. మాటలు నీవి, బాణీ మొదట నీదే, నేర్చుకుని పాడేస్తే పోయె, ఎవరికి తెలుస్తుంది అన్నాడు. పిడుగుకీ అది సబబుగానే తోచింది. ఆ వారమంతా కారులో, ఒక పాఠానికీ ఇంకో పాఠానికీ మధ్య, అక్క గొంతు వింటూ నేర్చుకుంది. గురువారానికల్లా పట్టుబడింది. ఆదివారం ఒక్కసారి పాడితే ఒక్కసారికే వచ్చింది. బావ హెడ్‌ఫోన్లు తీసి, ఆల్బమ్ అయిపోయింది అన్నాడు.

గిటారు సంచిలో పెట్టుకుని ముందుగదిలోకి వచ్చేసరికి అక్క సుద్ద పక్కన పెట్టి కూర్చుని ఉంది.

"విన్నానే. చాలా బాగా వచ్చింది," అంది అక్క. "నువ్వు మొదట్నించీ అలాగే పాడేదానివి."

ఇరవై రెండేళ్ళలో పాట గురించి అక్క నోటినుంచి వచ్చిన మొదటి మాట అది. అక్కకీ తెలియదు. తను వంత అనుకునే మానేసింది. అవునక్కా అంటే చాలు, ఆల్బమ్ చేతికొస్తుంది, అట్టమీద ఒక్క పేరే ఉంటుంది, అక్క మనసూ చల్లగా ఉంటుంది. అనబోయింది కూడా. నోరు రాలేదు.

"నేనెప్పుడూ అలా పాడలేదక్కా. అది నీది. రా, విందువుగాని."

చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి తీసుకెళ్ళింది. బావ బిక్కమొహం వేసుకుని టేపు పెట్టాడు. అక్క బీరువాకి ఆనుకుని నిలబడి విన్నది. మళ్ళీ పెట్టమంది. మూడోసారి కూడా విన్నది. వేళ్ళకున్న సుద్ద చీర కుచ్చిళ్ళకి అంటుతున్నా చూసుకోలేదు.

"నేను లేకపోయినా పాట ఉంటుందనే కదే మానేశాను," అంది చివరికి.

"నాకు తెలియదక్కా. ఒట్టు, తెలియదు."

"తెలియకపోయినా అనాల్సింది. పాట ఎవరిదైతే ఏంటి? ఉండక్కా అని ఒక్క మాట అనాల్సింది."

పిడుగు ఏడ్చింది. నలభై నాలుగేళ్ళ మనిషి, కారు గోడకి కొట్టినవాళ్ళని కూడా నవ్వుతూ సముదాయించే మనిషి, బొంతల గదిలో నిలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. తప్పు తనదేననీ, ఆ రోజు తనకి నిజంగానే సంబరంగా అనిపించిందనీ దాచకుండా చెప్పేసింది. అక్క ఊరుకోమనలేదు. ఏడవనిచ్చింది. ఆ తర్వాత, ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు అని అడిగింది.

పాడమంది పిడుగు. అక్క మెడమీది కుట్టు తడుముకుంది. ఆపరేషనయ్యాక పైస్వరాలు పోయాయని, ఆ ఎత్తు ఇక అందదని చెప్పింది. ఎత్తు అందకపోతే పాటనే దించుదాం అంటూ పిడుగు కింద కూర్చుని గిటారు తీగలు వదులు చేసింది. రెండు మెట్లు దించింది. చాలలేదు. నాలుగు దించేసరికి తీగలు జీరగా పలికాయి, అక్క గొంతు నిలిచింది. అయితే అంత కిందికి దిగాక పిడుగు పాడాల్సిన భాగం ఇంకా కిందికి, ఆమె గొంతుకి అడుగంటే చోటికి పోయింది. అక్కడ ఆమె గొణగ్గలదు తప్ప పాడలేదు. సొంత ఆల్బమ్‌లో, ఆల్బమ్ పేరున్న పాటలో నువ్వు వినబడవు, పొద్దున వచ్చింది అంత బాగుంది కదా అని బావ నచ్చజెప్పబోయాడు. అది చెరిపెయ్ బావా అంది పిడుగు. అట్ట సంగతేమిటన్నాడు. అక్క పేరు ముందు వెయ్యమంది.

డ్రమ్ముల్లేవు, బేసు లేదు. ఒక గిటారు, ఇద్దరు మనుషులు. అక్క మొదటి మాట దగ్గరే తడబడింది. రెండోసారి అందుకుంది. పాత టేపులో ఉన్న గొంతు కాదది. అంచులు అరిగింది, మధ్యలో ఊపిరి ఆడక తెగింది. అయినా పాట కదిలింది. పిడుగు కిందనుంచి గొణుగుతూ, అక్క ఎటు వెళితే అటు వెళ్ళింది. ఆఖరి చరణంలో అక్క మాటలు మరిచిపోతే అందించింది.

పాట ఆగింది. బావ కళ్ళు తుడుచుకుని, మీట నొక్కి, చాలు, ఇంతకన్నా బాగా రాదు, ఇదే ఉంచేద్దాం అన్నాడు.

"నీకు చాలిందేమో. నాకు చాలలేదు," అంది అక్క. "మళ్ళీ పెట్టు."