పోయింది ఏ అత్త?

“మీ అత్త గురించి నీకు బోలెడు తెలుసుగా. ఓ నాలుగు మంచి ముక్కలు చెప్పు, ఆదివారం సభలో నేను అందుకుంటాను” అన్నాడు మా ఆయన. నేనప్పుడు అతని తెల్ల చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె ఆనించి ఉన్నాను. సభకు తొడుక్కోబోయేదీ ఆ చొక్కానే. అంటే చొక్కా నేనే తయారుచేయాలి, చొక్కాలో నుంచి వచ్చే మాటలూ నేనే తయారుచేయాలి.

అత్త మా నాన్నకు చెల్లెలు. సినిమాల్లో హాస్యపాత్రలూ క్యారెక్టర్ వేషాలూ వేసి బతికిన మనిషి. తలుపు తీసి “అయ్యగారు లేరు” అనే పనిమనిషి, ఆపకుండా తుమ్మే నర్సు, పిల్లల ఉత్తరాలు ముందు తను చదివేసే హాస్టల్ వార్డెన్, కోడలి నోరు మూయించే అత్తగారు, అన్నీ ఆవిడే. ముఖం చూపిస్తే “ఓ, ఈవిడా!” అంటారు జనం. పేరు అడిగితే బుర్ర గోక్కుంటారు. ఆవిడకు పిల్లలు లేరు. మామయ్య ముందే పోయాడు. పోయిన నెల ఆవిడ కూడా పోయాక కళాకారుల సంఘం వాళ్ళు సంస్మరణ సభ పెట్టి, కుటుంబం తరఫున ఒకరు మాట్లాడాలని ఇంటికి ఫోన్ చేశారు. ఫోన్ మా ఆయన ఎత్తాడు. “తనకి స్టేజీ అంటే భయమండీ, నేను మాట్లాడతాను” అని అక్కడికక్కడే తేల్చేశాడు. నాకు స్టేజీ భయం ఉందో లేదో నాకే తెలియదు. తెలియాలంటే ముందు ఎక్కాలి కదా.

మా ఆయనకు ఆఫీసులో చలోక్తుల మనిషని పేరు. ఎవరి వీడ్కోలు సభ అయినా మైకు ఇతని చేతికే వస్తుంది. ఆ చలోక్తులు ఎక్కడ పుడతాయో మా వంటింటి గోడలకు తెలుసు. నేను ఒక పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తాను. ఒకరోజు కూరగాయలు తరుగుతూ, “మా క్లినిక్‌కి వచ్చినవాళ్ళందరూ నోరు తెరుస్తారు, మాట్లాడేది మాత్రం డాక్టరు ఒక్కడే” అన్నాను. మా ఆయన నవ్వలేదు. ఫోన్ చూసుకుంటూ “ఊఁ” అన్నాడు. ఆ వారమే వాళ్ళ మేనేజరు వీడ్కోలు సభలో లేచి, “మా ఆఫీసు మీటింగులూ పళ్ళ డాక్టరు కుర్చీ ఒకటేనండీ, నోరు తెరిచేది మనం, మాట్లాడేది ఆయన” అన్నాడట. హాలంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్విందట. ఇంటికి వచ్చి ఆ మాట నాకే చెప్పి, “నీదాన్నే కాస్త బాగుచేసి వేశాను” అన్నాడు. ఎప్పుడైనా నలుగురిలో నేనే ఒక సరదా సంగతి మొదలుపెడితే, “ఉండుండు, నేను చెప్తా, నువ్వు పాడుచేస్తావు” అని అందుకుంటాడు. మా అత్తగారికైతే అసలు ఆ విద్యే గిట్టదు. ఆడదాని నోట్లో వెటకారం ఇంటికి మంచిది కాదని, కాపురానికి వచ్చిన కొత్తలోనే చెవిన వేసింది.

సెలవులిస్తే చాలు, నేను అత్త ఇంట్లో ఉండేదాన్ని. మేడ మీద అద్దె వాటా, ఇంటికి మించిన పెద్ద అద్దం. అత్త షూటింగ్ నుంచి వచ్చేసరికి చెవుల వెనక మేకప్ ఇంకా అంటుకునే ఉండేది. మామయ్య హాల్లో పేపరు చదువుకుంటూ ఉండేవాడు. ఆవిడ షూటింగ్ డేట్లు చూడటం ఆయన ఉద్యోగం. ఆవిడ చెప్పులు విప్పిన చప్పుడు వినబడితే పేపరు దించకుండానే “టీ” అనేవాడు. పొద్దంతా నిలబడి తుమ్మీ తుమ్మీ వచ్చిన నర్సు తిన్నగా వంటింట్లోకి పోయేది. “మీ మామయ్య డైలాగు చిన్నదేనే, కానీ రోజుకి ఎన్ని టేకులో” అని నాకు కన్నుకొట్టేది. మామయ్య నిద్ర కూడా అలాంటిదే. చీమ చిటుక్కుమన్నా లేస్తాడు, లేస్తే టీ అడుగుతాడు. ఆ ఇంట్లో మేము మంచినీళ్ళు కూడా చప్పుడు లేకుండా తాగేవాళ్ళం.

అత్త పేరు మారుమోగాల్సిన సినిమా ఒకటుంది. ఇంట్లో దొంగ పడతాడు. దొంగ వేషం ఆ రోజుల్లో జనం వెర్రెత్తిపోయే ఒక పెద్ద హాస్యనటుడిది. ఇంటావిడ అత్త. దొంగను చూసి కెవ్వుమని అరిచి కళ్ళు తిరిగి పడిపోవాలి, అంతే వేషం. రిహార్సల్లో అత్తకు ఏమనిపించిందో, అరవకుండా దొంగ వైపు వంగి గుసగుసగా, “నీకు కావలసింది పట్టుకుపో నాయనా, చప్పుడు మాత్రం చేయకు. ఆయన లేస్తే టీ అడుగుతాడు” అంది. లైట్లు పట్టుకున్నవాళ్ళు కూడా నవ్వారట. ఆ పెద్దాయన ఒక్కడు నవ్వకుండా డైరెక్టరును పక్కకు తీసుకెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి మాట చేతులు మారింది. దొంగే ఇల్లాలికి దణ్ణం పెట్టి, “అరవకమ్మా, మీ ఆయన లేస్తే టీ అడుగుతాడు” అంటాడు. ఆవిడ కళ్ళు తిరిగి పడిపోతుంది. సినిమా ఆడింది. ఆ మాట ఊరూరా జనం నోళ్ళలో పడింది. ఆయన ఎక్కడికి వెళ్ళినా ఆ మాట చెప్పించుకునేవారు.

“ఏడ్చావా అత్తా?” అని అడిగాను. నాకప్పుడు పదేళ్ళుంటాయేమో. “పడిపోయే సీను కదే, కళ్ళు మూసుకునే ఉన్నాను. ఎవరికి తెలుస్తుంది?” అంది. తరవాత ఒక కిటుకు నేర్చుకుంది. రిహార్సల్లో అచ్చం కాగితంలో ఉన్నట్టే చప్పగా చెప్పేది. అసలు మాట కెమెరా తిరుగుతున్నప్పుడు విసిరేది. “ఇంతసేపూ ఎక్కడ దాచావమ్మా?” అని డైరెక్టరు అడిగితే, “ఇప్పుడే తట్టిందండీ” అనేది అమాయకంగా. ఆ తరవాత ఆవిడ మాట ఒక్కటి కూడా పరాయి నోటికి పోలేదు. నవ్వించే ముక్క ముందు గుటక మింగాలనీ, జనం నవ్వుతున్నప్పుడు మనం నవ్వకూడదనీ నాకు అద్దం ముందు నేర్పింది ఆవిడే. అది నేర్చుకున్నది కూరగాయల ముందు కూర్చుని వాడుకోవడానికేనా అని నాకప్పుడప్పుడు ఒళ్ళు మండుతుంది.

ఆవిడ పోయిన రోజు టీవీలో ఆ సీనే వేశారు. తెర నిండా ఆ పెద్దాయన ముఖం, ఆ మాట, ఆ నవ్వులు. అత్త నేల మీద పడి ఉంది, చేయి మాత్రమే కనిపిస్తోంది. కింద అక్షరాల్లో “ప్రముఖ హాస్యనటుడి సరసన మెరిసిన నటి ఇక లేరు” అని పోతోంది. తన చావు రోజున కూడా మనిషి ఇంకొకళ్ళ సీనులో పడిపోయే ఉంది. నాకు పట్టరాని దుఃఖం వచ్చింది, అంతకు మించి కోపం వచ్చింది. ఆ మాట ఎవరిదో నలుగురి ముందు ఒక్కసారి చెప్పాలనిపించింది. చెబితే నేనే చెప్పాలి. ఆ సంగతి తెలిసినవాళ్ళలో మిగిలింది నేనొక్కదాన్నే అనుకున్నాను.

అందుకే ఇస్త్రీ చేస్తూ మా ఆయనకు చప్పటి సంగతులు చెప్పాను. చాలా నిరాడంబరంగా ఉండేది. అందరినీ ఆదరించేది. షూటింగుకు ఎప్పుడూ ఆలస్యంగా పోలేదు. “ఇంకేం లేవా, నవ్వొచ్చేవి?” అన్నాడు. గుర్తు రావడం లేదన్నాను. టీ సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, చొక్కా చేతులు మడతపెట్టాను. ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాను.

“మేనత్త అను. ఉత్త అత్త అనకు.”

“ఆమాత్రం నాకు తెలియదా” అన్నాడు.

తెలియదు. మన భాషలో ఈ తిరకాసు ఒకటుంది. నాన్న చెల్లెలూ అత్తే, మొగుడి తల్లీ అత్తే. అత్త ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేను సెలవడిగి, “మా అత్తకి ఒంట్లో బాగోలేదండీ” అంటే, మా డాక్టరు కళ్ళజోడు పైనుంచి చూసి, “మీ అత్తగారు పొద్దున్నే వచ్చి పన్ను చూపించుకుని వెళ్ళారే” అన్నాడు. అబద్ధమాడానని సెలవు ఇవ్వలేదు. పని ముగించుకుని నేను ఆసుపత్రికి చేరేసరికి రోగులను చూసే వేళ అయిపోయింది.

ఆదివారం సంఘం హాల్లో ప్లాస్టిక్ కుర్చీలన్నీ నిండాయి. స్టేజీ మీద అత్త పెద్ద ఫొటో, అందులో ఆవిడ తుమ్మబోతున్నట్టే ఉంది. ఇంట్లో ఒక్కదాన్నే ఏం చేయనని మా అత్తగారు కూడా వచ్చి, ముందు వరుసలో నా పక్కన కూర్చుంది. మా ఆయన ఆఫీసువాళ్ళు వెనక ఒక గుంపుగా ఉన్నారు. సంఘం అధ్యక్షుడు ఒకప్పటి మేకప్ మనిషి, చేతికర్ర పెద్దాయన. ఆయన పిలవగానే మా ఆయన తెల్ల చొక్కాలో మెరిసిపోతూ మైకు అందుకున్నాడు. గొంతు సవరించుకుని, బరువుగా మొదలుపెట్టాడు.

“ఈరోజు మా ఇంటికి పెద్ద దిక్కు లేకుండా పోయింది. మా ఆవిడ అత్తగారు ఇక లేరు.”

ముందు ఎవరికీ ఎక్కలేదు. తరవాత వెనక ఆఫీసు గుంపులో ఒకరు కిసుక్కుమన్నారు. మా అత్తగారు ఎవరో వాళ్ళకు తెలుసు మరి, ఎదురుగా కూర్చునే ఉంది. నవ్వు వినబడగానే మా ఆయనకు ఊపొచ్చింది, తన చాతుర్యమే అనుకున్నాడు. “అవునండీ, మా ఆవిడ అత్తగారు పోతూ పోతూ కూడా మమ్మల్ని నవ్వించే పోయారు” అన్నాడు. ఈసారి హాలు సగం పగలబడి నవ్వింది. మా అత్తగారు నా వైపు వంగి, ఎవరు పోయారంటున్నాడు వీడు అని అడిగింది. మీరేనండి అన్నాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, కొడుకును కింది నుంచి పైదాకా చూసింది.

ఎప్పుడు లేచానో నాకు తెలియదు. “మా అత్తగారు ఇదుగో, ఇక్కడే ఉన్నారండీ, కాస్త మోకాళ్ళ నొప్పులు తప్ప బాగానే ఉన్నారు. పోయింది మా మేనత్త” అన్నాను. ఆ నవ్వులకు ఫ్యాన్ల చప్పుడు వినబడలేదు. మేకప్ పెద్దాయన కర్ర ఎత్తి, సొంత మేనకోడలివి నువ్వుండగా కింద కూర్చున్నావేంటమ్మా, పైకి రా అన్నాడు. “ఉండుండు, నేను చెప్తా” అన్నాడు మా ఆయన, అలవాటుగా. నేను స్టేజీ ఎక్కి చేయి చాపాను. అందరూ చూస్తున్నారు. మైకు ఇచ్చాడు.

నాకు స్టేజీ భయం లేదు. ఆ రోజే తెలిసింది. పేపరు వెనక నుంచి వచ్చే “టీ” గురించి చెప్పాను. చప్పుడు లేకుండా మంచినీళ్ళు తాగే ఇంటి గురించి చెప్పాను. దొంగ వచ్చాడు, ఇల్లాలు లేచింది, అతని వైపు వంగింది, అని చెప్పి గుటక మింగాను. హాల్లో ఎవరూ కదల్లేదు. అప్పుడు అత్త మాటను అత్త అన్నట్టే అన్నాను. జనానికి ఆ మాట కంఠతా వచ్చు, ఇల్లాలి నోటి నుంచి మాత్రం వాళ్ళెప్పుడూ వినలేదు. ఆడవాళ్ళ వరుసల్లోంచి లేచింది ముందు నవ్వు. అది మగవాళ్ళ వరుసలకు చేరడానికి కాస్త సమయం పట్టింది. నవ్వు తగ్గాక మేకప్ పెద్దాయన మెల్లగా లేచాడు. “నిజమే. ఆ రోజు నేను సెట్లోనే ఉన్నాను. ఆ మాట ఆవిడదే. ఇన్నాళ్ళూ నన్నెవరూ అడగలేదు” అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

తిరుగుదారిలో మా ఆయన, ఆ టీ సంగతి తనకెందుకు చెప్పలేదని అడిగాడు. అప్పుడే తట్టిందన్నాను.

మర్నాడు సాయంత్రం ఫోన్ మోగింది. ఎప్పటిలాగే అతనే ఎత్తాడు. ఏదో మహిళా కళాశాల వాళ్ళు, నిన్న మాట్లాడిన ఆవిడ కావాలట, వాళ్ళ పిల్లలకు హాస్యం గురించి చెప్పాలట. నేను వంటింటి గుమ్మంలో తడి చేతులతో నిలబడ్డాను. మా అత్తగారు హాల్లో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది.

“తనకి కుదరదండీ” అంటున్నాడు మా ఆయన, “మా అమ్మకి ఒంట్లో బాగుండదు. ఆవిడని వదిలి తను ఎక్కడికీ కదలలేదు.”

మా అత్తగారు చిక్కుడుకాయ మీంచి తల ఎత్తలేదు.

“నన్ను నిన్ననే అందరి ముందూ పంపించేశావు కదరా” అంది. “పోయినదానికి ఒంట్లో బాగోకపోవడమేంటి? ఫోన్ దానికివ్వు.”

చేతులు తుడుచుకుని ఫోన్ అందుకున్నాను.

“కుదురుతుందండీ” అన్నాను. “ఏ రోజు?”