నాలుగు గడులు

నా చేతులు నెమ్మదించాయని మొదట అన్నది మా బావ. అక్క మొగుడు. కంప్యూటర్లు బిగించి, బాగుచేసే దుకాణం ఆయనది. నవ్వుతూ నా నెత్తిన చిన్న మొట్టికాయ వేసి మరీ అన్నాడు. "ముప్పై దాటాయి కదా మరదలా, ఇక వేళ్ళు మాట వినవులే."

నేను కట్టుడు పళ్ళ ల్యాబులో పని చేస్తాను. మైనంతో పళ్ళు చెక్కుతాను. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆ పన్ను ఎవరి నోట్లోనూ ఇమడదు. సాయంత్రాలు కంప్యూటర్లో ఆట ఆడతాను. ఐదుగురం జట్టుగా ఆడే తుపాకుల ఆట. ఆరేళ్ళుగా మా జట్టులో తలుపు తోసుకుని ముందు దూకేది నేనే. ఈ ఏడు మొదటిసారి పెద్ద పోటీకి అర్హత దొరికింది. ఆ ఐదుగురిలో నేనుండాలి. అంతకు మించి నాకేమీ అక్కర్లేదు. బావ ఆరో మనిషి, ఎవరికైనా కుదరకపోతే ఆడతాడు. ఆయన్ని జట్టులోకి తెచ్చిందీ నేనే.

పోటీ కోసం కొత్త మిషన్ బిగించమని బావనే అడిగాను. నాలుగు కోర్ల ప్రాసెసర్ నేనే ఎంచుకుని తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. కోరంటే ఆ చిప్పు లోపల పని చేసే మనిషి అనుకోండి. బావ పెదవి విరిచాడు.

"గేములకి ఇన్ని కోర్లు దండగే. రెండున్న డ్యూయల్ కోర్ చాలు. ఆట చేతిలో ఉంటుంది, చిప్పులో కాదు."

దుకాణం మాటలు అనుకుని ఊరుకున్నాను. అదే రకం బోర్డుతో తనకీ ఒక మిషన్ బిగించుకున్నాడు. నా ప్రాసెసర్ వచ్చిన ఖాళీ డబ్బా మాత్రం నాకు తిరిగిచ్చాడు. బీరువా మీద పెట్టుకున్నాను.

కొత్త మిషన్లో ఒంటరిగా తిరుగుతుంటే ఆట నల్లేరు మీద బండిలా సాగేది. పదిమంది మూగి కాల్పులు మొదలయ్యాయా, తెర అర క్షణం బిగుసుకునేది. కదిలేసరికి నేను చచ్చి పడి ఉండేదాన్ని. బావని పిలిచాను. ఆయన మిషన్ పనితీరు చూపే పేజీ తెరిచాడు. అందులో నాలుగు గడులు, నాలుగింట్లోనూ ఎగిరిపడే గీతలు. ఒక్కో గడి మీదా వేలితో తట్టాడు.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఇవిగో నీ కోర్లు. మిషన్ నిక్షేపంలా ఉంది."

మొట్టికాయ ఆ తరువాతి వారం.

నమ్మాను. ఎందుకు నమ్మనూ? నాకు తొమ్మిదేళ్ళప్పుడు సైకిలు నేర్పింది ఆయనే. పడినప్పుడల్లా మోకాలి మీద ఊది లేపింది ఆయనే. డాక్టరు దగ్గరికి వెళ్తే వేళ్ళన్నీ వంచి చూసి ఏ జబ్బూ లేదు పొమ్మన్నాడు. డాక్టరును నమ్మలేదు, బావను నమ్మాను. ల్యాబులో ముందు పళ్ళ పని నా నుంచి తీసెయ్యమని నేనే అడిగితే, మా పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు. చివరికి మా కెప్టెన్‌కు ఫోన్ చేసి, "నావల్ల కాదు, నా బదులు బావని తీసుకో" అని నా నోటితోనే చెప్పాను. స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. "నీది పెద్ద మనసే" అని బావ భుజం తట్టాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

పోటీ రోజు పొద్దున్నే, ఇంక కంటికి కనిపించకూడదని ఆ మిషన్ అమ్మేయడానికి వేరే దుకాణానికి పట్టుకెళ్ళాను. అక్కడి మెకానిక్ ఒకావిడ. ఆన్ చేసి చూసింది.

"డ్యూయల్ కోరా అండీ? గేములాడేవాళ్ళు దీన్ని ముట్టుకోరు."

"నాలుగు కోర్లు," అన్నాను. "నాలుగు గడులు నా కళ్ళతో చూశాను."

ఆవిడ అదే పేజీ తెరిచింది. అవే నాలుగు గడులు. "ఇద్దరు దర్జీలున్నారు, ఒక్కొక్కరి ముందు రెండేసి గుడ్డలు పెట్టారనుకోండి. గుడ్డలు నాలుగైనా కుట్టేది ఇద్దరే కదా. పాత ఆటలకి పర్లేదు. ఇప్పటి ఆటల్లో తెర మీద పదిమంది చేరితే ఈ ఇద్దరికీ ఊపిరాడదు." వేలు కిందికి జరిపింది. గడుల కింద చిన్న అక్షరాల్లో రాసే ఉంది, కోర్లు రెండని.

ఆ రోజు కూడా అక్కడే ఉండి ఉంటుంది. బావ వేలు గడుల మీదే తిరిగింది, నా చూపు ఆ వేలి వెంటే తిరిగింది.

కొన్న డబ్బా మీద నంబరు, చిప్పు మీద నంబరు ఒకటే ఉంటాయని ఆవిడే చెప్పింది. చిప్పు ఊడదీయించి కాగితంలో చుట్టుకుని, మిషన్ ఇంట్లో దింపి, డబ్బా తీసుకుని తిన్నగా అక్క వాళ్ళింటికి వెళ్ళాను. బావ స్నానం చేస్తున్నాడు. ఎందుకొచ్చావని అక్క అడగలేదు. బావ మిషన్ మరలు విప్పుతుంటే వద్దనీ అనలేదు. ఫ్యాను తీసి, చిప్పు మీద వేడి లాగడానికి పూసిన పేస్టు గుడ్డతో తుడిచాను. ఒక్కో అక్షరం డబ్బాతో సరిచూశాను. నాదే.

"నేను అప్పుడే చెప్పానే ఆయనకి," అంది అక్క, తలుపు పట్టుకుని. "నీకు తెలిసిపోతుందని."

అప్పుడే. అంటే మూడు నెలలుగా, నేను చేతులు చూసుకుని ఏడుస్తుంటే, పక్కన కూర్చుని తల నిమిరిన ప్రతిసారీ అక్కకి తెలుసు.

బావ తల తుడుచుకుంటూ వచ్చి నిలబడిపోయాడు. "ఏయ్, ఏం చేస్తున్నావ్? నాలుగింటికి మ్యాచ్ ఉంది!"

"నా చేతులు పోయాయన్నావు బావా."

"రెండ్రోజులు వాడి చూసి మార్చేద్దామనుకున్నా. ఇంతలో నువ్వే మానుకున్నావు. నేనేమన్నా లాక్కున్నానా? అయినా గేములకి డ్యూయల్ కోర్..."

"చాలంటావు, తెలుసు." నా చిప్పు ఊడదీసుకుని, రెండు కోర్ల చిప్పు చుట్టిన కాగితం పొట్లం బల్ల మీద పెట్టాను. "అది చాలితే ఇదిగో, పెట్టుకుని ఆడుకో."

దారిలో కెప్టెన్‌కు ఫోన్ చేశాను. పేర్లు నిన్ననే పంపేశామని, ఇక మార్చడానికి వీల్లేదని అన్నాడు. ఇంటికొచ్చి నా చిప్పు నేనే బిగించుకున్నాను. సాధన మైదానం తెరిచి, ఇరవైమంది ఉత్తుత్తి శత్రువులను ఒక్కసారే మీదికి రమ్మన్నాను. తెర ఆగలేదు. ఇరవైమందినీ వరసగా కొట్టాను. మళ్ళీ రమ్మన్నాను, మళ్ళీ కొట్టాను. నా చేతులకు ఏమీ కాలేదు. ఎప్పుడూ ఏమీ కాలేదు.

నాలుగుంబావుకు అక్క ఫోన్ చేసింది. ఆయన మిషన్ మాటిమాటికీ బిగుసుకుపోతోందట, జట్టు ఓడిపోయేలా ఉందట, ఆ చిప్పు తీసుకుని ఒక్కసారి వచ్చి వెళ్ళమంది.

"నాలుగు గడులూ లెక్కపెట్టుకోమను," అని పెట్టేశాను.

ఓడిపోతున్నది ఆరేళ్ళ నా జట్టు కూడా. ఫోన్ కింద పెట్టి మళ్ళీ ఇరవైమందినీ రమ్మంటే, ఈసారి వేళ్ళు నిజంగానే మాట వినలేదు.